ఐటమ్ సాంగ్ మీద ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకోవాలంటే

నల్లగొండలో మొదటిసారి ఈ ముచ్చట పెట్టినప్పుడు నేను చేసిన తప్పు వాట్సాప్ మెసేజ్‌లోనే ఉంది. "పోర్నోగ్రఫీ, స్త్రీవాదుల చర్చ" అని ఉన్నదున్నట్టు రాసేశాను. ఒకమ్మాయి ఫోన్‌లో అది వాళ్ల అన్న చూశాడు, సాయంత్రానికి ఊరంతా తెలిసింది, మాకు గది ఇస్తామన్నవాళ్లు ఫోన్ చేసి "ఆదివారం తాళంచెవి దొరకదు మేడమ్" అన్నారు. అప్పటికింకా గురువారమే. తాళంచెవి పోబోతున్న సంగతి మూడు రోజుల ముందే ఎట్లా తెలిసిందో మరి.

రెండోసారి "పాటల గురించి మాట్లాడుకుందాం రండి" అని రాశా. పదకొండు మంది వచ్చారు. కాబట్టి మీ ఊళ్లో పెట్టాలనుకుంటే మొదటి మాట ఇదే, పేరు మామూలుగా పెట్టండి. ఇది మోసం కాదు, నిజంగానే పాటలతోనే మొదలవుతుంది. చోటు కూడా ఫంక్షన్ హాలూ, కాలేజీ గదీ వద్దు. మేం ఒక టైలరక్క ఇంటి ముందు గదిలో, మిషన్లు గోడకు జరిపి చాప వేసుకుని కూర్చున్నాం. ఆడవాళ్లు జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిపోయే ఇల్లు, ఎవరూ ఎందుకొచ్చావని అడగరు. టైమ్ ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా పెట్టుకోండి, దేవరకొండ బస్సు, మునుగోడు బస్సు ఎక్కాల్సినవాళ్లు వెలుతురుండగానే ఇల్లు చేరాలి. పద్దెనిమిది నిండనివాళ్లను పిలవకండి, వాళ్లతో మాట్లాడే పద్ధతి వేరు. ఒకే ఇంటి అత్తాకోడళ్లను పక్కపక్కన కూర్చోబెడితే ఇద్దరూ నోరు విప్పరు. వదినామరదళ్లయితే పర్లేదు, వాళ్లు ఇవన్నీ ఎప్పుడో మాట్లాడుకుని ఉంటారు.

ఇక అసలు పని. అందరికీ తెలిసిన ఒక ఐటమ్ సాంగ్ తీసుకోండి. ముందు వీడియో పెట్టకండి, ఫోన్ బోర్లించి పాట మాత్రం వినిపించండి. పాడుతున్నది ఆడగొంతు, సరే, మరి ఆ మాటలు ఎవరివి? ఆమెకు ఏం కావాలో పాటలో ఎక్కడైనా చెప్పిందా, లేక నీకేం కావాలో చెప్పు ఇస్తా అన్నదా? ఇంతవరకే అడిగి ఊరుకోండి. తర్వాత సౌండ్ తీసేసి వీడియో పెట్టండి. ఈసారి కెమెరా ఎక్కడుందో చూడమనండి. మా దగ్గర డిగ్రీ చదివే పిల్ల ఒకతి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కేసింది, ఒక చరణంలో మొహం తొమ్మిది సెకన్లు, నడుమూ కిందిభాగం ఇరవై ఆరు. హీరో నడుము సున్నా. ఆ సున్నా దగ్గర అందరూ నవ్వారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. సినిమాల మీద రాసే బ్రిటన్ స్త్రీవాది లారా మల్వీ 1975లో రాసిన వ్యాసంలో సినిమా కెమెరా మగవాడి కన్నులా పనిచేస్తుందని చెప్పింది, కానీ ఆ పేరు ముందే ఎత్తితే క్లాసులా ఉంటుంది. ముందు లెక్క వేయించండి, పేరు తర్వాత చెప్పొచ్చు.

ఇక్కడ మీరనుకోని మలుపొకటి వస్తుంది, మా దగ్గర చండూరు నుంచి వచ్చిన అవ్వ తెచ్చింది. అందరం "ఛీ, ఏం పాటలో" అంటుంటే ఆమె మెల్లగా "గిండ్ల ఏం బూతుందే? మా పెండ్లిళ్లల్ల వియ్యపురాలి మీద మేం పాడిన పాటలింటే మీరు చెవులు మూసుకుంటరు" అంది. పాడమంటే రెండు చరణాలు పాడింది కూడా. నిజంగానే చెవులు మూసుకున్నాం, వేళ్ల సందుల్లోంచి విన్నాం. అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇది, రెండూ మోటే కదా, మరి ఒకటి వింటే ఒళ్లు మండుతుంది, ఇంకోటి వింటే కడుపుబ్బ నవ్వొస్తుంది, ఎందుకు? ఆడవాళ్లు ఆడవాళ్ల మధ్య, తమ నోటితో, తమ సరదా కోసం పాడుకున్నది ఒకటి. ఇంకొకటి ఎవరో రాసి, ఎవరో స్టెప్పు నేర్పి, ఎవరో టికెట్టు కొనేది. ఈ తేడా పట్టుకుంటే మిగతా చర్చంతా సులువవుతుంది.

ఇప్పుడు పాత క్యాలెండర్ వెనక స్కెచ్‌పెన్‌తో మూడు మాటలు రాయండి, సిగ్గు, హాని, ఇష్టం. ఎవరేం మాట్లాడినా అది ఈ మూడింట్లో దేని కిందికి వస్తుందో వాళ్లనే చెప్పమనండి. "ఆడపిల్ల అట్ల బట్టలేసుకుంటదా" అంటే అది సిగ్గు. "ఆ పాట పెట్టి బస్టాండ్‌లో నన్ను ఏడిపించారు" అంటే అది హాని. "నాకు ఆ డ్యాన్స్ చేయాలనుంటది" అంటే ఇష్టం. మనవాళ్లు ఎక్కువగా సిగ్గు గురించి మాట్లాడుతూ హాని గురించి మాట్లాడుతున్నామనుకుంటారు. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లో ఆడవాళ్లను కించపరిచే అసభ్య స్టెప్పులు ఆపాలని సినిమావాళ్లను హెచ్చరించింది. అప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో తిట్లు ఎవరికి పడ్డాయో గుర్తు చేయండి. నేనున్న గ్రూపుల్లో స్టెప్పు వేసిన అమ్మాయికి పడ్డాయి, వేయించినవాళ్ల పేరు ఎవరికీ తెలియను కూడా తెలియదు.

పోర్నోగ్రఫీ మీద అమెరికా స్త్రీవాదులు పడ్డ గొడవ సంగతి చెప్పాలా వద్దా అని నేనూ ఆలోచించా. చెప్పండి, కానీ కథలా చెప్పండి. 1979లో న్యూయార్క్‌లో కొందరు స్త్రీవాదులు పోర్నోగ్రఫీకి వ్యతిరేకంగా సంఘం పెట్టారు, టైమ్స్ స్క్వేర్‌లో ఆ షాపుల మధ్యకు ఆడవాళ్లను టూర్లు తీసుకెళ్లి లోపల ఏం అమ్ముతున్నారో చూపించేవాళ్లు. వీళ్ల వాదన "ఛీ సిగ్గులేదు" కాదు, ఇందులో ఆడదాన్ని హింసించడమే సుఖంగా చూపిస్తున్నారు, ఇది వివక్ష అని. ఆండ్రియా డ్వర్కిన్, కేథరిన్ మెకినన్ అనే ఇద్దరు ఒక చట్టం రాశారు. పోలీసులు వచ్చి నిషేధించడం కాదు, దానివల్ల నష్టపోయిన ఆడమనిషే కోర్టుకెళ్లి పరిహారం అడిగేలా. 1983 చివర్లో మినియాపొలిస్ నగర కౌన్సిల్ ఒప్పుకుంటే మేయర్ తోసిపుచ్చాడు. 1984లో ఇండియానాపొలిస్‌లో పాసైంది, వాక్ స్వేచ్ఛకు విరుద్ధమని కోర్టులు కొట్టేశాయి.

ఇంకోవైపు ఉన్నదీ స్త్రీవాదులే. 1982 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని బార్నార్డ్ కాలేజీలో ఆడవాళ్ల లైంగికత మీద సదస్సు పెట్టారు, ప్రమాదం గురించే కాదు సుఖం గురించి కూడా మాట్లాడాలని. మొదటివైపు వాళ్లు గేటు దగ్గర టీషర్టులేసుకుని కరపత్రాలు పంచారు, కాలేజీవాళ్లు సదస్సు పుస్తకాన్ని పట్టుకెళ్లిపోయారు. సదస్సు పెట్టినవాళ్ల భయం ఏంటంటే, అశ్లీలాన్ని ఆపే అధికారం సర్కారు చేతికిస్తే అది ముందు మన మీదికే వస్తుందని. ఆ భయం వట్టిది కాదు. కెనడా సుప్రీంకోర్టు 1992లో ఏది అశ్లీలమో తేల్చడానికి హాని అనే కొలతను ఒప్పుకుంది, ఆ తర్వాత కొద్దికాలానికే టొరంటోలో ఒక చిన్న పుస్తకాల షాపు మీద కేసు పెట్టారు, లెస్బియన్లు తమకోసం వేసుకున్న పత్రిక అమ్మినందుకు. ఇది చెప్పాక మీ గదిలో వాదన మొదలవుతుంది, కాసేపు మధ్యలో దూరకండి.

"ఇవన్నీ తెల్లోళ్ల ముచ్చట్లు" అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు తీయాల్సింది మన కవయిత్రి ముద్దుపళని పేరు. తంజావూరు కొలువులో 18వ శతాబ్దంలో ఆమె రాసిన "రాధికా సాంత్వనం"లో కోరిక రాధది, అలక రాధది, బతిమాలేది కృష్ణుడు. 1910లో గాయని బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని పూర్తిగా అచ్చు వేయిస్తే బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని ప్రతులు పట్టుకుంది. తప్పుపట్టినవాళ్లలో కందుకూరి వీరేశలింగం కూడా ఉన్నాడు, సంస్కర్తే. మగకవులు రాస్తే లేని అభ్యంతరం ఆడది రాస్తే ఎందుకని నాగరత్నమ్మ అప్పుడే అడిగింది. 1947లో టంగుటూరి ప్రకాశం హయాంలో గానీ నిషేధం పోలేదు. ఒక్క సంగతి మాత్రం దాచకండి, ఆ కావ్యంలో రాధ దగ్గరుండి కృష్ణుడికి కట్టబెట్టే ఇళ చిన్నపిల్ల. అది ఇవాళ చదివితే గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. ఆడది రాసిందని అన్నీ ఒప్పేసుకోనక్కర్లేదు.

పాలమూరువైపు నుంచి ఎవరైనా వస్తే "ఇష్టం" అన్న మాటను వాళ్ల చేతికివ్వండి. మా దగ్గర మక్తల్ నుంచి వచ్చిన అక్క ఆ క్యాలెండర్ వైపు చూసి "మా దిక్కు జోగినిని చేసేటప్పుడు ఎవరన్న ఆ పిల్ల ఇష్టం అడిగిన్రా?" అంది. దళితుల పిల్లను దేవుడి పేరు మీద ఊరికి వదిలేసిన ఆచారం అది, 1988లో చట్టం చేసి నిషేధించారు. కాబట్టి "నా ఒంటి మీద హక్కు నాది" అన్న మాట ఆ గదిలో అందరికీ ఒకే బరువుండదు. మహారాష్ట్రలో 2005లో డ్యాన్స్ బార్లు మూసినప్పుడు స్త్రీవాదులు ఇట్లాగే రెండుగా చీలారు, అక్కడ ఆడే అమ్మాయిల పొట్ట కొట్టొద్దని కొందరు, ఇది కులం కట్టబెట్టిన పనే కదా అని కొందరు దళిత స్త్రీవాదులు. నిషేధం చెల్లదని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది, వాదన మాత్రం తెగలేదు. మీరూ తెంచాలని చూడకండి. నేను తెంచబోయి అక్క చేత మాట పడ్డా.

చివరి అరగంట ఫోన్లకు ఉంచండి, అందరికీ పనికొచ్చేది ఇదే. రెండు చట్టాలు పక్కపక్కన పెట్టి చూపించండి. 1986లో వచ్చిన స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం ఆడవాళ్లను కించపరచడాన్నీ, జనం నీతి చెడిపోవడాన్నీ ఒకే వాక్యంలో కలిపేసింది. మన క్యాలెండర్ మీద హాని, సిగ్గు ఒకే గీతలో రాసినట్టు. 2013లో నేరాల చట్టంలో వచ్చిన మార్పు వేరు. ఏకాంతంలో ఉన్నప్పుడు ఫొటో తీయడానికి ఒప్పుకోవడం వేరు, దాన్ని పంచడానికి ఒప్పుకోవడం వేరు, మొదటిదానికి సరే అన్నా రెండోదానికి అనకపోతే పంచినవాడిదే నేరం. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్‌లో ఉంది. ఈ ఒక్క వాక్యాన్ని రెండుసార్లు చెప్పండి. మా దగ్గర ఇది విన్నాక ఒకమ్మాయి చాపమీద గీతలు గీస్తూ చాలాసేపు తల ఎత్తలేదు. అట్లాంటప్పుడు అందరి ముందు ఏమైందమ్మా అని అడగకండి. టీ గ్లాసులు కడిగే నెపంతో పక్కకు తీసుకెళ్లండి, చాట్లు, లింకులు డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్ తీసుకోమనండి, కేంద్ర సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చని చెప్పండి, పోలీసుల షీ టీమ్ దగ్గరకు తోడు వస్తానని చెప్పండి. వస్తానంటే వెళ్లాలి మరి.

ఇంట్లో ఆయన బూతు వీడియోలు చూస్తాడు, నన్నూ చూడమంటాడు అని ఎవరైనా అంటే గది మొత్తం సలహాలు మొదలుపెడుతుంది. ఆపండి. నీకు చూడాలనుందా లేదా అన్నది ఒక్కటే అడగండి. కొందరు లేదంటారు. ఒకామె "ఉంది, కానీ ఆయన తెచ్చేవి కాదు" అంది, ఆ తర్వాత గంట మాట్లాడాం, బస్సు పోయింది, ఇద్దరు టైలరక్క ఇంట్లోనే పడుకున్నారు.

ఫొటోలు తీయకండి, గ్రూపులో "ఈరోజు చాలా బాగా జరిగింది" అని కూడా పెట్టకండి. వచ్చే నెల అవ్వ మిగతా పాట పాడతానంది, తలుపు మాత్రం గట్టిగా వేయమంది.