అద్దె ఫ్లాట్ కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

హైదరాబాద్‌లో 80 లక్షల ఫ్లాట్, నెలకు 25 వేల అద్దె అనుకుందాం. ఏడాదికి 3 లక్షలు, అంటే 3.75 శాతమని బ్రోకర్ చెబుతాడు. అది పైపై లెక్క.

ముందు పెట్టుబడి సరిచేయండి. రిజిస్ట్రేషన్ 7.5 శాతం చొప్పున 6 లక్షలు, కప్‌బోర్డులు, గీజర్లు, ఫ్యాన్లకు 4 లక్షలు కలిపితే 90 లక్షలు. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందనుకుని అద్దెను 11 నెలలకే లెక్కేయండి: 2.75 లక్షలు. అందులోంచి ఆస్తి పన్ను 10 వేలు, రిపేర్లు 20 వేలు, ఖాళీ నెల మెయింటెనెన్స్ 4 వేలు, బ్రోకర్‌కు 6 వేలు తీసేస్తే మిగిలేది 2.35 లక్షలు. రాబడి 2.6 శాతం, ఆదాయపు పన్నుకు ముందే!

ఫ్లాట్ మూడు నెలలు ఖాళీగా ఉంటే? 2 శాతం లోపే.

అప్పు తీసుకుంటే అసలు కథ బయటపడుతుంది. 60 లక్షలకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువైతే ఈఎంఐ సుమారు 52 వేలు. అద్దె 25 వేలు పోను ప్రతి నెలా 27 వేలు జేబులోంచి కట్టగలరా? ఆరు నెలల ఈఎంఐ విడిగా ఉంటేనే దిగండి.

అద్దె అంకె బ్రోకర్‌ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి. టులెట్ బోర్డులూ లెక్కపెట్టండి.