నోటు పేరు చెప్పే పెట్టె – 4వ పాఠం: పొడవు, రంగు

చూపులేనివారికి నోటు విలువ పలికి చెప్పే పెట్టె ఇది. గత పాఠంలో దాన్ని కోసుకున్నాం. ఈసారి దానికి నోటును గుర్తుపట్టే తెలివి ఇద్దాం. రంగు సెన్సర్ ఒక్కటి పెడితే సరిపోతుందని మొదట అందరికీ అనిపిస్తుంది. కానీ 20 రూపాయల కొత్త నోటు ఆకుపచ్చ కలిసిన పసుపు, 200 నిండు పసుపు. విజయనగరం గంటస్తంభం బజారులో పసుపు కుంకుమల చేతులు మారి వచ్చిన 20 నోటును రంగుతో మాత్రమే చూస్తే 200 అనుకునే ప్రమాదం ఉంది. మనం ఎవరి కోసం ఈ పెట్టె చేస్తున్నామో, ఆ అగరొత్తుల దుకాణం ఆయన మొదటి రోజే ఒక షరతు పెట్టారు: తెలియకపోతే తెలియదని చెప్పాలి, తప్పు చెప్పకూడదు. ఈ పాఠమంతా ఆ షరతు కోసమే.

100, 200, 500 నోట్ల మీద వేలికి తగిలే గుర్తులు ఉన్నాయి: త్రిభుజం, హెచ్ ఆకారం, వృత్తం. నలిగిన నోటు మీద అవి అరిగిపోతాయి. కొత్త 10, 20, 50 నోట్లకైతే అవీ లేవు. రిజర్వు బ్యాంకు 2020 జనవరి 1న విడుదల చేసిన మణి యాప్ ఫోను కెమెరాతో నోటు విలువ గుర్తించి చెబుతుంది, నెట్ లేకున్నా పనిచేస్తుంది. అయితే బేరం మధ్యలో ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో నోటు పట్టుకుంటే సరుకు ఎవరు ఇవ్వాలి?

ఇక పొడవులు. కొత్త శ్రేణిలో 10 నోటు 123 మిల్లీమీటర్లు, 20 నోటు 129, 50 నోటు 135, 100 నోటు 142, 200 నోటు 146, 500 నోటు 150. చివరి మూడింటి మధ్య తేడా నాలుగేసి మిల్లీమీటర్లే. మూల మడతపడితే అది మాయమవుతుంది. అదృష్టం ఏమిటంటే అక్కడ రంగులు బాగా వేరు: 100 లావెండర్, 200 పసుపు, 500 రాతి బూడిద. పసుపు దగ్గర తికమక పెట్టే 20, 200 నోట్లకు పొడవులో 17 మిల్లీమీటర్ల తేడా ఉంది. ఒకటి తడబడిన చోట రెండోది ఆదుకుంటుంది. కాస్త ఇబ్బంది పెట్టేది నీలి 50, లావెండర్ 100 జంట. అక్కడ ఏడు మిల్లీమీటర్లే దిక్కు.

నోటును పెట్టె ఎడమ గోడకు ఆనేదాకా తోయాలి. ఆ గోడ నుంచి 126, 132, 138.5, 144, 148, 153.5 మిల్లీమీటర్ల దగ్గర సన్నని రంధ్రాలు చేసి, ఒక్కో దాని కింద వెలుతురు పెరిగితే రెసిస్టెన్స్ తగ్గే ఒక ఎల్‌డీఆర్ పెట్టండి. చివరివి మరీ దగ్గర కాబట్టి ఒకటి పై వరుసలో, తర్వాతిది కింది వరుసలో వచ్చేలా రెండు వరుసల్లో అమర్చండి. పైన తెల్ల ఎల్‌ఈడీలు. ఎల్‌డీఆర్ ఒక కొసను 5 వోల్టులకు, రెండో కొసను 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా గ్రౌండుకు కలిపి, మధ్య నుంచి ఆర్డుయినో ఊనో (ప్రోగ్రాము నడిపే చిన్న బోర్డు) అనలాగ్ పిన్నుకు, అంటే వోల్టేజీని కొలిచే పిన్నుకు, తీగ లాగండి. ఊనోకు అలాంటివి ఆరే ఉన్నాయి, మనకూ ఆరే కావాలి. నోటు వెలుతురును పూర్తిగా ఆపదు, కాబట్టి నోటు ఉన్నప్పుడూ లేనప్పుడూ విలువలు చూసి హద్దు పెట్టుకోండి.

ఒక్క రంధ్రమూ మూసుకోకపోతే 10, ఒకటి మూసుకుంటే 20, అలా అయిదు మూసుకుంటే 500. ఆరోది పాత 100 నోటు కోసం, దాని పొడవు 157. మూడోది తెరిచి ఉండి నాలుగోది మూసుకుందంటే నోటు వంకరగా ఉందో చిరిగిందో, వెంటనే ‘తెలియదు’.

పాత శ్రేణి 10, 20, 50, 100 నోట్లు ఇంకా చెల్లుతాయి, అసలు చిక్కు వాటితోనే. పాత 10 పొడవు 137, అంటే రంధ్రాల లెక్కలో 50. పాత 20, పాత 50 రెండూ 147, అవి 200గా కనిపిస్తాయి. పాత 50, 100 నోట్ల వెడల్పు 73 కాబట్టి నోటు దూర్చే గాడి 75 మిల్లీమీటర్లు ఉండాలి. 66కే కోసినవాళ్లు మళ్లీ కోయక తప్పదు.

రంగుకు టీసీఎస్ 3200 సెన్సర్ వాడదాం. వెలుతురు ఎక్కువైతే దీని పల్సులు వేగంగా వస్తాయి, అందుకే పల్స్ ఎంతసేపు ఉందో కొలిచే ఆదేశం పల్స్‌ఇన్ ఇచ్చే సంఖ్య తగ్గుతుంది. తలకిందులుగా అర్థం చేసుకోకండి. చుట్టూ నల్లకాగితం కట్టి బయటి వెలుతురు రాకుండా చూడండి. ముందుగా తెల్లకాగితం మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం పల్సుల వేగాలు కొలిచి దాచుకోండి. నోటు మీద వేగాలను వాటితో భాగించి, మొత్తంలో ఒక్కో రంగు వాటా ఎంతో తీయండి. నల్లని మురికి మూడింటినీ దాదాపు ఒకేలా తగ్గిస్తుంది కనుక వాటాలు పెద్దగా కదలవు. పసుపు మరక మాత్రం కదిలిస్తుంది.

పొడవు, రంగు రెండూ ఒకే నోటు పేరు చెబితేనే పెట్టె ఆ పేరు పలకాలి, లేకపోతే ‘తెలియదు’ అనాలి. దొంగనోటును ఇది పట్టదు, ఆ సంగతి వాడేవారికి ముందే చెప్పండి.

వచ్చే పాఠానికి స్పీకరు, ఎంపీ3 మాడ్యూలు తెస్తాం. ఈలోగా శ్రీకాకుళం బస్సు చిల్లర, చేపల బజారు నోట్లు, బ్యాంకు నుంచి వచ్చిన కొత్తవి కలిపి పోగుచేయండి. ఒక్కో నోటును ముందూ వెనకా, తిన్నగా తలకిందులుగా నాలుగు విధాలా పెట్టి రంగు వాటాలు పట్టికలో రాసుకోండి. పాత 20ని, కొత్త 200ని పక్కపక్క గళ్లలో రాయండి.