వానల తర్వాత మళ్లీ గుర్రమెక్కే ముందు: భయపడేవారి కోసం జాగ్రత్తలు

జూన్ నుంచి సెప్టెంబరు దాకా హైదరాబాద్ చుట్టుపక్కల రైడింగ్ నేర్చుకునేవారికి పాఠాలు సరిగా సాగవు. మైదానం బురదవుతుంది. గుర్రాలు ఎక్కువ సేపు లాయంలోనే నిలబడి ఉంటాయి. వారాంతాల్లో సరదాగా స్వారీ చేసే మనం ఇంట్లో ఉండిపోతాం. అక్టోబరులో నేల ఆరేసరికి గుర్రానికి ఉత్సాహం పెరిగి ఉంటుంది, మనకు ధైర్యం తగ్గి ఉంటుంది. ఆ వెంటనే దీపావళి టపాసులు, పెళ్లి ఊరేగింపుల బ్యాండు, చలి ఉదయాలు, సంక్రాంతి గాలిపటాలు వరుసగా వస్తాయి. ముప్పై, నలభై దాటాక స్వారీ మొదలుపెట్టినవారికి ఏడాదిలో ఎక్కువ జాగ్రత్త అవసరమైన కాలం ఇదేనని నా అభిప్రాయం.

హెల్మెట్, బూట్ల గురించి అందరూ చెబుతారు. భయం గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. పక్కన పదేళ్ల పిల్లలు క్యాంటర్ (ఓ మోస్తరు పరుగు) చేస్తుంటే, ఉద్యోగం, ఇంటి అప్పు, చూసుకోవాల్సిన కుటుంబం ఉన్న మనిషి "నాకు భయంగా ఉంది" అనడానికి సిగ్గుపడతాడు. అలా దాచుకున్న భయమే ప్రమాదం తెస్తుంది. పైన కూర్చున్న మనిషి బిగుసుకుపోతే ఆ సంగతి గుర్రానికి వెంటనే తెలుస్తుంది. స్వీడన్ పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, గుర్రాన్ని నడిపించేవారికి, స్వారీ చేసేవారికి "ఈసారి మీరు దాటుతుండగా గొడుగు తెరుస్తాం" అని చెప్పారు. నిజానికి గొడుగు తెరవలేదు. అయినా ఆ మనుషుల గుండె వేగంతో పాటు గుర్రాల గుండె వేగమూ పెరిగింది. కాబట్టి మన ఆందోళన మన ఒక్కరి వ్యవహారం కాదు. దాన్ని ఎక్కే ముందే బయటపెట్టి, అందుకు తగిన ఏర్పాటు చేసుకోవాలి.

ముందుగా ఆ భయం ఏ రకమైనదో తేల్చుకోండి. "ఈ గుర్రం రెండు వారాలుగా లాయం దాటలేదు", "చెవులు వెనక్కి అతికించి తోక విసురుతోంది", "రాత్రి నాకు నిద్ర లేదు" అన్నవి కారణమున్న భయాలు. వాటి మాట వినాలి. ఆ రోజు ఎక్కకపోవడం పిరికితనం కాదు. "నాకు ఇది రాదేమో", "అందరూ నన్నే చూస్తున్నారు" అన్నవి వేరు. వాటిని ఆలోచనతో గెలవలేం, చిన్న చిన్న పనులతో కరిగించాలి. ఈ రెండో రకం ముందు రోజు రాత్రి బాగా పెరుగుతుంది. అందుకే పాఠం రద్దు చేసుకునే నిర్ణయం రాత్రి మంచం మీద తీసుకోకండి. పొద్దున్నే లాయానికి వెళ్లండి, గుర్రానికి బ్రష్ చేయండి, మెడ నిమరండి, కాస్త దూరం నడిపించండి. ఎక్కాలా వద్దా అన్నది అక్కడ, గుర్రాన్ని కళ్లారా చూశాక తేల్చుకోండి. బ్రష్ చేసి తిరిగి వచ్చేసినా ఆ ఉదయం వృథా కాదు.

లాయంలో మొదట మాట్లాడవలసింది సాయీసుతో, అంటే గుర్రాల సంరక్షకుడితో. ఆ గుర్రాన్ని రోజూ చూసేది ఆయనే. వానల్లో దానికి రోజూ ఎంత పని దొరికింది, దాణా తగ్గించారా, ఈ ఉదయం బయట తిప్పారా అని అడగండి. పని లేకుండా అదే దాణా తిన్న గుర్రం చలిగాలి తగలగానే ఎగిరి గంతులేస్తుంది. అది దాని తప్పు కాదు, మీ చేతకానితనమూ కాదు. అలాంటప్పుడు ముందుగా పొడవాటి తాడుతో గుండ్రంగా తిప్పి దాని ఊపు తగ్గించమనండి. గిట్టలు ఎత్తి చూడమనండి. తడి నేల మీద నెలల తరబడి నిలబడితే గిట్ట అడుగు మెత్తబడి కుళ్లు పడుతుంది, దుర్వాసన వస్తుంది. కాలు నొప్పితో ఉన్న గుర్రం ముందుకు కదలకపోతే, మనం మన స్వారీని నిందించుకుంటూ కూర్చుంటాం.

తర్వాత తోలు. దీని మీద ఎవరూ తగినంత శ్రద్ధ పెట్టరు. వానాకాలం తేమకు జీను, పగ్గాలు, రికాబులను (పాదాలు పెట్టుకునే కొక్కేలను) వేలాడదీసే పట్టీలు బూజు పడతాయి. బూజు తుడిస్తే పోతుంది గానీ లోపల కుట్టు కుళ్లిందేమో పైకి కనిపించదు. ప్రతి కుట్టునూ రెండు చేతులతో లాగి చూడండి, పట్టీని మడిచి పగుళ్లున్నాయేమో చూడండి. అనుమానం ఉంటే మార్చమనండి, మొహమాటం వద్దు. పొట్ట కింద బిగించే గర్త్‌ను ఒకసారి బిగించి వదిలేయకూడదు. బిగించే సమయంలో చాలా గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి. పది అడుగులు నడిపించి ఎక్కే ముందు మరోసారి, ఎక్కి కాసేపు నడిచాక ఇంకోసారి చూసుకోండి. భయం ఉన్నవారికి ఇందులో ఇంకో మేలు ఉంది. జీను జారుతుందేమో అన్న ఒక్క దిగులైనా తీరిపోతుంది.

హెల్మెట్ గుర్రపు స్వారీ కోసం తయారైనదే ఉండాలి. బైకు హెల్మెట్, సైకిల్ హెల్మెట్ దీనికి పనికిరావు. బూటుకు చిన్న మడమ తప్పనిసరి, లేకపోతే పాదం రికాబులోంచి ముందుకు జారి ఇరుక్కుంటుంది. పక్కన రబ్బరు పట్టీ ఉండి, పడినప్పుడు తెరుచుకునే రికాబులు దొరికితే అవే అడగండి. ఛాతీకి రక్షణ కవచం వేసుకుంటే ఎవరేమనుకుంటారో అని ఆలోచించకండి.

ఇక గురువుగారితో మాట. ఇది ఎక్కే ముందే, స్పష్టంగా జరగాలి. "సార్, మూడు నెలల తర్వాత ఎక్కుతున్నాను. ఈ రోజు నడక, కాస్త ట్రాట్ చాలు. మొదటి పది నిమిషాలు తాడు మీ చేతిలోనే ఉండనివ్వండి" అని చెప్పండి. (ట్రాట్ అంటే నడకకూ క్యాంటర్‌కూ మధ్య వేగం.) మంచి గురువు దీన్ని గౌరవిస్తాడు. మీ భయాన్ని నలుగురి ముందు ఎగతాళి చేసే గురువు, "ఎక్కితే అదే పోతుంది" అని తోసేసే గురువు మీకు తగినవాడు కాదు. ఆ చోటు మార్చుకోండి. ఈ మాట నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

గుర్రం మీద ఉన్నప్పుడు భయం చేసే మొదటి పని శ్వాస బిగబట్టించడం. రెండోది మోకాళ్లు బిగించి, పగ్గాలు లాగించడం. కాలి ఒత్తిడి గుర్రానికి "కదులు" అని చెబుతుంది, పగ్గం "ఆగు" అంటుంది. రెండూ ఒకేసారి అందితే అది తికమకపడి ఇంకా కంగారుపడుతుంది. ఊపిరిని నెమ్మదిగా, పీల్చినదానికంటే ఎక్కువ సేపు వదలండి. అది గుర్తుండకపోతే మాట్లాడుతూ ఉండండి, లేదా ఏదైనా పాట పాడండి. పాడుతూ శ్వాస బిగబట్టడం ఎవరి వల్లా కాదు. చూపు గుర్రం మెడ మీద కాకుండా మీరు వెళ్లబోయే చోట ఉండాలి. కిందికి చూస్తే తల, భుజాలు ముందుకు వాలి బరువు తప్పుతుంది.

ప్రమాదంలో ఏం చేయాలో శరీరానికి ముందే తెలిసి ఉంటే భయం సగం తగ్గుతుంది. అందుకే గుర్రం నిలబడి ఉండగా, గురువు పట్టుకుని ఉండగా, అత్యవసరంగా దిగడం సాధన చేయండి. రెండు పాదాలూ రికాబుల నుంచి తీసేయాలి, చేతులు మెడ మీద ఆనించి కొద్దిగా ముందుకు వంగాలి, కుడి కాలు వెనుక నుంచి తిప్పి మోకాళ్లు వంచి దిగాలి. గుర్రం అదుపు తప్పితే రెండు పగ్గాలూ ఒకేసారి గుంజి పట్టుకోవడం పనిచేయదు. పెద్ద వృత్తంలో తిప్పి, దాన్ని క్రమంగా చిన్నది చేయాలి. వేగంగా పరుగెత్తే గుర్రాన్ని ఒక్కసారిగా పక్కకు లాగితే అది జారిపడుతుంది, కాబట్టి ఇది గురువు దగ్గరే నేర్చుకోండి.

పండుగ రోజుల గురించి కచ్చితమైన నియమం పెట్టుకోండి. దీపావళి రోజూ, ముందు వెనుక ఒకటి రెండు రోజులూ స్వారీ మానేయండి. సంక్రాంతికి మైదానం చుట్టుపక్కల చెట్లకు, తీగలకు చిక్కుకున్న గాలిపటాలు గాలికి టపటపలాడతాయి. గుర్రం కళ్లు తలకు ఇరువైపులా ఉండటంతో దాదాపు చుట్టూ చూడగలదు, మీరు గమనించని గాలిపటం దానికి కనిపిస్తుంది. నైలాన్ మాంజాను 2017లోనే జాతీయ హరిత ట్రైబ్యునల్ నిషేధించినా వాడకం ఆగలేదు. అది గుర్రం కాలికి చుట్టుకున్నా, మీ మెడకు తగిలినా ఘోరం. ఆ వారంలో ఎక్కే ముందు మైదానమంతా ఒకసారి నడిచి చూడండి.

ఇన్ని చేసినా ఎప్పుడో ఒకసారి పడతారు. "పడిన వెంటనే మళ్లీ ఎక్కాలి, లేకపోతే భయం పోదు" అనే మాట లాయాల్లో తరచూ వినిపిస్తుంది. దుమ్ము దులుపుకుని నవ్వగలిగిన పడిపోవడానికి అది సరే. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే మాత్రం ఎక్కవద్దు. తలనొప్పి, వాంతి, మగత, మాటల్లో తడబాటు, ఇప్పుడేం జరిగిందో గుర్తులేకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఒంటరిగా బండి నడుపుకుంటూ వెళ్లకండి. ఆ హెల్మెట్ పైకి బాగానే ఉన్నా మార్చేయండి, లోపలి పొర ఒక్క దెబ్బకే పనికిరాకుండా పోతుంది. వైద్యుడు సరేనన్నాక, లాయంలో అన్నింటికంటే నెమ్మదైన గుర్రం మీద, తాడు గురువుగారి చేతిలో ఉండగా, నడకతోనే మళ్లీ మొదలుపెట్టండి.