కాలనీ వీధుల్లోకి భారీ లారీలు రాకుండా ఆంక్షలు తెచ్చుకోవడం ఎలా?

ఊరి చుట్టూ బైపాస్ ఉన్నా, దూరం తగ్గుతుందనో తనిఖీ తప్పుతుందనో ఇసుక టిప్పర్లూ రెడీమిక్స్ లారీలూ నివాస వీధుల్లోంచి పోవడం మన పట్టణాల్లో మామూలైపోయింది. దీన్ని చట్టబద్ధంగా ఆపించవచ్చు. ప్రజల భద్రత, సౌకర్యం దృష్ట్యా గానీ, రోడ్డు లేదా వంతెన స్థితిని బట్టి గానీ ఫలానా రోడ్డు మీద ఫలానా తరగతి వాహనాలను నిషేధించే అధికారాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన వారికీ కట్టబెట్టింది. అయితే ‘లారీలన్నీ బంద్ చేయించండి’ అని రాసే అర్జీలు సాధారణంగా ఫైళ్లలోనే ఉండిపోతాయి. ఏ వాహనాలను, ఏ వీధిలో, ఏ వేళల్లో ఆపాలి, ఎవరికి మినహాయింపు ఇవ్వాలి, ఆపిన వాహనాలు ఏ దారిన పోవాలి అన్న ప్రశ్నలకు అర్జీలోనే జవాబు ఉంటే, అధికారికి దాన్ని ఉత్తర్వుగా మార్చడం తేలికవుతుంది.

ముందు లెక్క తీయాలి. వీధికి రెండు కొసల్లోనూ ఒక్కొక్కరు కూర్చుని, వచ్చిన ప్రతి లారీ రకం, వేళ, వీలైతే నంబరు రాసుకోవాలి. పండుగ రోజులు కాకుండా మామూలు వారం చూసుకోవడం మంచిది. ఒక కొసలో దూరి కొద్ది నిమిషాల్లోనే రెండో కొస నుంచి బయటపడిన లారీకి ఆ వీధిలో పనేమీ లేదు, అది అడ్డదారి పట్టిన లారీ. లోపలే ఆగిపోయినది ఎవరింటికో సిమెంటో నీళ్లో తెచ్చిన లారీ. మొదటి రకానికి నిషేధం అడగాలి. రెండో దానికి వేళలు నిర్ణయించమంటే చాలు. ఈ తేడా చూపని అర్జీని ఇల్లు కట్టుకుంటున్న పక్కింటివాళ్లే వ్యతిరేకిస్తారు.

వాహన తరగతిని కూడా బరువుతోనే చెప్పాలి. చట్టం లెక్కలో సరుకుతో కలిపి 12,000 కిలోలు దాటితేనే అది భారీ సరుకు వాహనం. పది వేల లీటర్ల నీళ్ల ట్యాంకరునే తీసుకుంటే, అందులో నీళ్ల బరువే పది టన్నులు. బండి బరువు కలిస్తే పరిమితి దాటిపోతుంది. ఆరు ఘనమీటర్ల కాంక్రీటు మోసే రెడీమిక్స్ లారీలో కాంక్రీటు ఒక్కటే పద్నాలుగు టన్నులకు పైగా తూగుతుంది. కాబట్టి వేసవిలో ట్యాంకర్లే దిక్కయిన కాలనీ తన నీళ్లకు తనే అడ్డం పడకుండా, చిన్న ట్యాంకర్లకు మళ్లుతుందో పెద్దవాటికి మినహాయింపు అడుగుతుందో ముందే తేల్చుకోవాలి. అగ్నిమాపక శకటం, చెత్త లారీ, విద్యుత్ శాఖ వాహనాల మినహాయింపును విడిగా రాయాలి.

కారణాల్లో రోడ్డు నష్టాన్ని ముందు పెట్టడం మేలు, ఎందుకంటే ఆ ఖర్చు నేరుగా మున్సిపాలిటీ నెత్తినే పడుతుంది. ఇంజనీర్లు వాడే స్థూల సూత్రం ప్రకారం ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు పదహారింతలవుతుంది. కుంగిన మ్యాన్‌హోల్ మూతలకూ పగిలిన మంచినీటి పైపులకూ తేదీలతో ఫొటోలు జతచేయాలి. రాత్రి లారీలే బాధ అయితే, నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా శబ్దం 45 డెసిబెల్స్ మించరాదన్న 2000 నాటి నిబంధనలను ప్రస్తావించవచ్చు.

అర్జీ ఇచ్చేముందు ఆ రోడ్డు మున్సిపాలిటీదా, రోడ్లు భవనాల శాఖదా, పంచాయతీదా అన్నది కనుక్కోవాలి. సంక్షేమ సంఘం తీర్మానంతో ఒక ప్రతి ట్రాఫిక్ పోలీసులకు, ఒకటి రోడ్డు యజమాని శాఖకు ఇచ్చి, రెండింటికీ రసీదు తీసుకోవాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట మరో ప్రతి ఇవ్వడం వల్ల నష్టం లేదు. అన్నిటికన్నా పనికొచ్చే ఉపాయం నెల రోజుల ప్రయోగం అడగడం. నిషేధం నెలకు మించకపోతే గెజిట్ ప్రకటన అక్కర్లేదని, స్థానికంగా ప్రచారం చేస్తే చాలని 115వ సెక్షనే చెబుతోంది. శాశ్వత నిషేధానికి వెనుకాడే అధికారి నెల రోజులకు ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

ఉత్తర్వు వచ్చాక బోర్డు ఎక్కడ పాతుతారన్న దాని మీదే అమలు ఆధారపడుతుంది. ఎర్ర అంచు వలయంలో లారీ బొమ్మను వీధి మొగలో మాత్రమే పెడితే, అప్పటికే మలుపు తిరిగిన డ్రైవరు ఇరవై అడుగుల సందులో బండిని వెనక్కి తీయాలి; అది ముందుకు పోవడం కన్నా ప్రమాదం. బైపాస్ వైపు తిరగడానికి ఇంకా వీలున్న ముందు కూడలిలోనే మరో బోర్డు ఉండాలి. ఇవి అధికారులు పెట్టాల్సినవే, కాలనీవాళ్లు సొంతంగా పాతకూడదు. ఇనుప కమ్మీతో ఎత్తు పరిమితి గేటు కట్టాలన్న ఆలోచన చాలా కాలనీలకు వస్తుంది గానీ, దాని కింద ఫైరింజన్ పట్టకపోతే ఏమవుతుందో ఆలోచించాలి. అనుమతి లేకుండా కట్టడం అసలే వద్దు.

తర్వాత కూడా దూసుకొచ్చే లారీలను రోడ్డుకు అడ్డంగా నిలబడి ఆపవద్దు. నంబరు ప్లేటు, బోర్డు రెండూ ఒకే ఫొటోలో పడేలా తీసి, వేళతో సహా ట్రాఫిక్ పోలీసులకు పంపాలి. ఓవర్‌లోడ్ అనుమానముంటే ఆ మాట ప్రత్యేకంగా రాయాలి. 2019 సవరణ తర్వాత దానికి జరిమానా 20,000 రూపాయలు, పైగా అదనపు టన్నుకు 2,000 రూపాయల చొప్పున పడుతుంది, కనుక లారీ యజమానులు దీనికే ఎక్కువ జంకుతారు. ప్రయోగ కాలం ముగియడానికి వారం ముందే మళ్లీ అదే కొసల్లో, అవే వేళల్లో లెక్క తీసి, పాత లెక్క పక్కన పెట్టి శాశ్వత ప్రకటనకు అర్జీ ఇవ్వాలి. లారీలు పక్క వీధికి మళ్లినట్టు తేలితే, ఆ వీధివాళ్లను కూడా సంతకాలకు కలుపుకోవాలి.