తొలకరికి ముందే చెబుతున్నా: చచ్చిన పశువు మీద కత్తి పెట్టకండి

మొన్న ఘాట్ దిగువన ఒక ఊళ్లో, సాయంత్రం దాకా మేసిన ఆవు తెల్లారేసరికి చచ్చిపడి ఉంది. మధ్యాహ్నానికల్లా కోసి వాటాలు వేసేశారు. కోసినవాళ్లలో ఒకతనికి కొద్దిరోజుల్లో ముంజేతి మీద దురద పొక్కు లేచి, నల్లటి చెక్కు కట్టిన పుండైంది. నొప్పి లేదు కదా అని అతను పనికి వెళ్తూనే ఉన్నాడు. పశువుల నుంచి మనుషులకు అంటుకునే ఆంత్రాక్స్ జబ్బు అనుమానంతో అరకు వైపు నుంచి జనం పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి రావడం విశాఖలో ఇదివరకూ చూశాం. పాతవాళ్లు దొమ్మ అనేది దీన్నే.

చేతులు కడుక్కోండి, నీళ్లు కాచుకోండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. ఊళ్లను ముంచేది ఒకే ఒక్క తప్పు: ఉన్నట్టుండి చచ్చిన పశువును కొయ్యడం. తినడం ఆ తర్వాతి సంగతి. వండకముందే, తోలు తీస్తున్నప్పుడే, చేతి మీది చిన్న గీత లోంచి క్రిమి ఒంట్లోకి పోతుంది. కూర ఎంత ఉడికించినా కోసిన చెయ్యి కోసినట్టే. ఎండబెట్టి ఒరుగులు చేసుకుంటే క్రిమి చావదు, మాంసంతో పాటు నిలవ ఉంటుంది.

నేలకు జరిగేది ఇంకా పెద్ద నష్టం. కళేబరం మూసి ఉన్నంతసేపు, లోపలి కుళ్లుకి ఈ క్రిమి చాలావరకు చచ్చిపోతుంది. కత్తి పడి రక్తానికి గాలి తగిలిందా, గట్టి పెంకు కట్టుకుని విత్తనంలా మారిపోతుంది. ఆ విత్తనం మట్టిలో పదుల ఏళ్లు బతుకుతుంది. ఎండలు మండి, మొదటి వానలు పడగానే నీళ్లతో పాటు పల్లానికి చేరుతుంది. అప్పుడే గడ్డి పొట్టిగా ఉంటుంది, పశువులు మట్టితో సహా కొరుకుతాయి. అంటే ఈ ఏడాది మీరు పెట్టిన కత్తి, మీ పిల్లలు కాసే మందను కూడా చంపగలదు.

ఊరి బయట పడేస్తే పోలా అంటారు. రాబందులు ఉన్న రోజుల్లో ఆ మాట కొంత చెల్లింది. గంటల్లో ఎముకలే మిగిలేవి, వాటి కడుపులోని ఆమ్లం చాలా క్రిముల్ని చంపేసేది. పశువులకు పొడిచిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల్ని తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు, 2023లో అలాంటి నొప్పి మందులే అయిన కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లను కూడా. ఇప్పుడా పని కుక్కలు చేస్తున్నాయి, ముక్క ఈడ్చుకెళ్లి గెడ్డలో, అంటే వాగులో వదిలేస్తున్నాయి. మీ ఆవుకి నొప్పి ఇంజక్షన్ రాస్తుంటే మెలోక్సికామ్ ఇవ్వమని డాక్టరు గారిని అడగండి. రాబందులకు హాని చెయ్యదని తేలిన మందు అది.

టీకా గురించి రెండు ముక్కలు. ఇదివరకు ఈ జబ్బు కనిపించిన ఊళ్లలో పశువులకు ఏటా, వానలకు కొన్ని వారాల ముందే వేయించాలి. ఇది బతికున్న క్రిమితో చేసిన టీకా, టీకా వేసే రోజుల్లోనే పశువుకి యాంటీబయాటిక్ ఇంజక్షన్ వేయిస్తే టీకా వృథా.

ఉన్నట్టుండి చచ్చి, పొట్ట ఉబ్బి, ముక్కు నుంచో వెనక నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే దొమ్మే అనుకోండి. రక్తం కనబడకపోయినా, కారణం తెలియని చావైతే కొయ్యొద్దు. ఇక వినండి:

- కొయ్యొద్దు. తోలు కోసం కూడా వద్దు.
- పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చెయ్యండి, లేదా రైతు సేవా కేంద్రంలో చెప్పండి. పరీక్షకు చెవి దగ్గర చుక్క రక్తం చాలు, పొట్ట చీల్చక్కర్లేదు.
- డాక్టరు వచ్చేదాకా కుక్కల్ని, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.
- కాల్చడం కుదిరితే కాల్చండి. లేకపోతే చచ్చిన చోటికి దగ్గర్లోనే, ఆరడుగుల లోతున పాతండి. ఊరంతా ఈడ్చుకెళ్తే దారంతా రక్తమే.
- గెడ్డ పక్కన, బావి పక్కన పాతొద్దు. సున్నం చల్లాం కదా అని లోతు తగ్గించొద్దు.
- పాతిన చోట ముళ్లకంప వెయ్యండి. అక్కడ మేపొద్దు, దున్నొద్దు. అది మర్చిపోయే చోటు కాదు, ఇంట్లో అందరికీ చూపించండి.
- పశువుకి బీమా ఉంటే చెవి ట్యాగు తీసి పారేయకండి. డాక్టరు రాసిచ్చే కాగితం లేకపోతే డబ్బు రాదు. కోసి పంచుకున్నాక ఏ కాగితం ఇస్తారు?
- వేల రూపాయల జీవం పోయిందని బాధే, తెలుసు. అయినా కొయ్యొద్దు.
- జబ్బు చేసిన మేకను సంతకి తోలొద్దు. చచ్చేలోపు అమ్మేద్దామనుకోవడం పక్క ఊరికి చావు పంపడమే.
- సిటీలో ఉన్నవాళ్లూ, ఆదివారం రోడ్డు పక్కన సగం ధరకి దొరికే మాంసం వద్దు. కళ్లెదుట కోసిందే కొనండి.
- ఇప్పటికే ముట్టుకున్నారా? పొక్కు కోసం చూస్తూ కూర్చోకండి, ఆ రోజే పీహెచ్‌సీకి వెళ్లండి.
- పుండును గిల్లొద్దు, పసర్లు పూయొద్దు, కాల్చొద్దు. నొప్పి లేకపోవడం ఈ జబ్బు లక్షణం, ధీమా పడొద్దు. మందులు ఉన్నాయి, మొదట్లోనే వాడితే తగ్గిపోతుంది.
- రోగిని వెలేయకండి. మనిషి నుంచి మనిషికి రావడం చాలా అరుదు.
- జ్వరం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చెయ్యండి.
- డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి, చచ్చిన పశువును కోశామని. సిగ్గుపడి దాస్తే మామూలు పుండనుకుని ఆయింట్‌మెంట్ రాసి పంపేస్తారు.