తరగతి పరిశీలన, నాలుగవ పాఠం: ‘శ్రద్ధగా విన్నారు’ అని రాయకండి

గత పాఠం చివర, ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న మీకు కేటాయించిన బడిలో ఒక పీరియడ్ చూసి ఒక పుట రాయమన్నాను. వచ్చిన రాతలలో సగానికి పైగా ‘పిల్లలు శ్రద్ధగా విన్నారు’ అన్న వాక్యమే ఉంది. తప్పు కొంత నాదే. చూసింది రాయమన్నానే గాని, చూడడమంటే ఏమిటో చెప్పలేదు. కనుక ఈసారి చెప్పదలచిన బోధనోపకరణాల సంగతి పక్కన పెట్టి, ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగుదాం.

తేదీ, తరగతి, హాజరు, పాఠం పేరు వేయడం మీకు తెలిసిందే.

శ్రద్ధ కంటికి కనబడదు. దేవరకొండ వైపు ఒక తండా బడిలో, మూడవ తరగతి వెనుక ఒక ఛాత్రోపాధ్యాయురాలి పక్కన కూర్చున్నాను. బోర్డు మీద 52 లోంచి 17 తీసివేయమని ఉంది. ముందు వరుసలోని అమ్మాయి నిటారుగా కూర్చుని, టీచర్ ‘అర్థమైందా?’ అనగానే అందరికంటే ముందు ‘అయింది టీచర్’ అన్నది. పలక మీద మాత్రం 45 వేసింది. కిటికీలోంచి మేకలను చూస్తున్న పిల్లవాడు పలక మూలన గీతలు గీసి, కొన్ని కొట్టివేసి, 35 వేశాడు. ఆ పూట రికార్డులో మాత్రం అమ్మాయి ‘శ్రద్ధగా’, అబ్బాయి ‘పరధ్యానంగా’ ఉన్నట్టు నమోదయింది.

45 ఎలా వచ్చిందో చూడండి. రెండులోంచి ఏడు పోదు కనుక, ఆ అమ్మాయి ఏడులోంచే రెండు తీసి ఐదు వేసింది; పదుల స్థానంలో ఐదులోంచి ఒకటి తీసి నాలుగు వేసింది. ఎట్లా చేశావమ్మా అని అడిగితే, ‘పెద్దదాంట్లకెల్లి చిన్నది తియ్యాలె గద సార్’ అన్నది. ఒంటి అంకెల తీసివేతలు నేర్పేటప్పుడు మనం చెప్పే మాటనే ఆమె తు.చ. తప్పకుండా పాటించింది. చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం తెలంగాణ బడులలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కింద, ముందుగా పిల్లల స్థాయి తెలుసుకోవడానికి చేసే బేస్‌లైన్ పరీక్ష, పిల్లలకు తీసివేత వచ్చునో రాదో చెబుతుంది. ఎక్కడ, ఎందుకు తప్పుతున్నారో పట్టుకోవలసింది పలక పక్కన కూర్చున్న మీరే.

‘సిగ్గరి’, ‘మందకొడి’, ‘తల్లిదండ్రుల నిర్లక్ష్యం’ కూడా ఇదే జాతి మాటలు. ఇంట్లో లంబాడీ మాట్లాడే బిడ్డ తెలుగు పాఠంలో నోరు మెదపకపోతే దానిని సిగ్గనకండి. ఏ ప్రశ్నకు మౌనంగా ఉన్నదో, పక్కపిల్లతో ఏ భాషలో గుసగుసలాడిందో రాయండి. 2022-23 నుంచి వచ్చిన ద్విభాషా పుస్తకాలలో పిల్లవాడి వేలు తెలుగు పుట మీద ఉన్నదా, ఇంగ్లీషు పుట మీద ఉన్నదా అన్నది చిన్న విషయంలా తోస్తుంది గాని, ఒక పీరియడంతా దానినే గమనించినా వృథా కాదు. పత్తి ఏరే రోజులలో హాజరు పడిపోతే ‘24 మందిలో 15 మందే వచ్చారు, మిగతావారు పత్తి ఏరుతున్నారు’ అని రాస్తే చాలు.

నా మటుకు నేను పుటను నిలువుగా గీత గీసి, ఎడమవైపు పెన్సిల్‌తో చూసింది, కుడివైపు పెన్నుతో అనుకున్నది రాస్తాను. కుడివైపు బడి విడిచిన తర్వాతే నింపుతాను. ఫోనులో రాసుకోవడం నాకు నచ్చదు. ఫోను తీస్తే తరగతి కళ్ళన్నీ దాని మీదికే పోతాయి.

అభ్యాసం: ఒకే బిడ్డను మూడు రోజులు, రోజుకు 20 నిమిషాలు చూడండి. ప్రతి రెండు నిమిషాలకు ఒక వాక్యం చొప్పున రాయండి. ఒక్క గుణవాచకం కూడా పడరాదు. మూడవ రోజు ఆ బిడ్డ చేసిన ఒక తప్పు లెక్కను ఎలా చేసిందో అడిగి, చెప్పిన మాటలను చెప్పినట్టే దించండి, దిద్దకండి. ముందుగా తరగతి టీచర్ అనుమతి తీసుకోండి. బిడ్డ పేరుకు బదులు హాజరుపట్టీలోని క్రమసంఖ్య వేయండి.