బఠాణీ లెక్కలు – 4వ పాఠం: మూడుకు ఒకటి అంటే

పోయినసారి ఓ లెక్క ఇచ్చాను: పొడుగు, పొట్టి బఠాణీలను కలిపితే పుట్టిన సంకర మొక్క పూలకు దాని పుప్పొడే తగిలిస్తే (ఆత్మ పరాగసంపర్కం), వచ్చిన నాలుగు గింజల్లో ఎన్ని పొడుగు, ఎన్ని పొట్టి అవుతాయని. దానికి చాలామంది ఒకే జవాబు రాశారు: "సంకర మొక్కకు ఆత్మ పరాగసంపర్కం చేయించి, వచ్చిన గింజలు నాలుగు నాటితే మూడు పొడుగు, ఒకటి పొట్టి." కాదండీ. ఈసారి రెండు లక్షణాలు కలిపి చెబుదామనుకున్నాను గానీ, ముందు ఇది తేలాలి.

పిల్లలకు ఏ కారకాలు వస్తాయో గళ్ళలో వేసి చూపే గళ్ళ పట్టిక మీకు వచ్చు, దాని జోలికి పోను. నాకసలు గళ్ళు గీయడమే విసుగు. కారకమంటే తల్లిదండ్రుల నుంచి పిల్లలకు లక్షణాన్ని మోసుకొచ్చేది. పొడుగు కారకానికి 'పొ', పొట్టి కారకానికి 'ట్టి' అని రాసుకుంటాను. సంకర మొక్కలో రెండూ ఒక్కోటి ఉంటాయి, పొ ఒక్కటున్నా మొక్క పొడుగే. పొట్టి మొక్క రావాలంటే పుప్పొడి నుంచీ ట్టి రావాలి, అండం నుంచీ ట్టి రావాలి. సగంలో సగం, పావు. అంతే.

ఆ పావు ఏ గింజకు ఆ గింజదే. రేషన్ షాపులో కార్డుకింత అని తూచినట్టు నాలుగింటికో పొట్టి మొక్క ఇవ్వరిక్కడ. మొదటి మూడూ పొడుగే వచ్చినా, నాలుగోది పొట్టి అయ్యే అవకాశం పావే. నాలుగూ పొడుగే కావాలంటే ముప్పావును నాలుగుసార్లు హెచ్చించండి: 0.316, దాదాపు 32 శాతం. సరిగ్గా మూడూ ఒకటీ వచ్చేది 42 శాతమే, సగం కూడా లేదు! ఒక్క పొట్టి మొక్కయినా కనబడుతుందని 95 శాతం ధీమా కావాలంటే 11 మొక్కలు పెంచాలి. బఠాణీలతో ఈ వారసత్వ సూత్రాలు కనిపెట్టిన మెండెల్‌కు 1,064 మొక్కల్లో 787 పొడుగు, 277 పొట్టి వచ్చాయి. అంటే 2.84కు 1.

ఒకరైతే బేగంబజార్‌లో కొన్న ఎండు బఠాణీల్లో పసుపువీ పచ్చవీ వేరుచేసి, నిష్పత్తి కుదరలేదన్నారు. తల్లిదండ్రులెవరో తెలియని గింజలకు ఏ నిష్పత్తని కుదురుతుంది? కుండీల్లో పెంచేవాళ్ళు అక్టోబరు, నవంబరుల్లో నాటండి. మన ఎండలకు బఠాణీ పూత నిలవదు.

ఇంకోటి. సంకర మొక్కకు పుట్టిన పొడుగు మొక్కల్లో మళ్ళీ సంకరాలు సగం కాదు, మూడింట రెండు వంతులు. ఏది శుద్ధమో (రెండూ పొ ఉన్నది) ఏది సంకరమో తేల్చడానికి మెండెల్ 100 పొడుగు మొక్కలు తీసుకుని, ఒక్కోదాని గింజలు పదేసి నాటి చూశాడు: 28 శుద్ధం, 72 సంకరం. అయితే సంకర మొక్కకు కూడా పదికి పదీ పొడుగే పుట్టే అవకాశం 5.6 శాతం ఉంది. 1936లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ పట్టుకున్న లొసుగు ఇదే.

అభ్యాసం ఒక్కటే. అలాంటి పొడుగు మొక్క ఒకటి తీశారు, దాని పది పిల్లలూ పొడుగే. అయినా అది సంకరమయ్యే అవకాశమెంత? 5.6 అని రాసి పంపకండి. మూడింట రెండు దగ్గర మొదలుపెట్టండి.